అర్చకుడి కొడుకు సర్పంచ్ కావాలనుకుంటే

ప్రశ్న: అమ్మగారికి నమస్కారాలు. నాకు 23 ఏళ్లు. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. నాన్నగారు వేణుగోపాలస్వామి గుడిలో అర్చకులు. ఎనిమిదేళ్లు పాఠశాలలో గుడి పూజావిధానం చెప్పే వైఖానస ఆగమం చదువుకుని, తిరుపతిలో శాస్త్రి డిగ్రీ పూర్తిచేశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు స్నేహితులతో కలిసి పులిహోర పొట్లాలు తీసుకెళ్లాను. నీళ్లు తీశాక నష్టపరిహారం జాబితాలు రాస్తుంటే దగ్గరుండి చూశాను. తలుపు తాళం వేసి ఉందనో, అద్దెకున్నవాళ్లనో చాలామంది పేర్లు ఎక్కలేదు. అలాంటివాళ్లకి నలభై అర్జీలు రాసిపెట్టాను. అప్పట్నుంచి మనసు గుడిలో నిలవడం లేదు. ప్రజాసేవలోకి, వీలైతే రాజకీయాల్లోకి వెళ్లాలని ఉంది. దేవుడే ఆ పని చూపించాడని నా నమ్మకం. గురువుగారికి చెబితే ‘రాజ్యాంతే నరకం ధ్రువమ్’ అన్నారు. నాన్నగారు మాట్లాడటం మానేశారు. నాది నిజంగా సేవేనా, పేరు కోసం ఆరాటమా అని రాత్రిళ్లు ఒకటే టెన్షన్. గ్రూప్స్ రాయనా, పార్టీలో చేరనా, ఊళ్లో సర్పంచ్‌గా నిలబడనా? నుదుట నామంతో రాజకీయం చెయ్యొచ్చా?

సమాధానం: నాయనా, మా వైపు నీ వయసు అర్చకుణ్ణి కూడా ‘మీరు’ అనే పిలుస్తాం. నువ్వు ‘అమ్మగారూ’ అన్నావు కనక ఆ చనువు తీసుకుంటున్నాను. ముప్ఫై ఏళ్లు పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని. రాజకీయం చెయ్యలేదు గానీ, చేసేవాళ్లకి ఎదురు కుర్చీలో చాలాకాలం కూర్చున్నాను.

ముందు గురువుగారి మాట. దాన్ని తోసెయ్యకు. కానీ ఆ మాటలో ఉన్నంతే విను. అధికారం చేసినవాడికి చివర నరకం తప్పదన్నారు. చెయ్యనివాడికి స్వర్గం ఖాయమని అందులో లేదు. ఆ జాబితా రాసే పని ఎవరో ఒకరు చెయ్యాల్సిందే కదా. నువ్వు తప్పుకుంటే ఆ కలం ఇంకొకరి చేతికి పోతుంది, అంతే.

ఇక రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. సేవా, పేరా? రెండూ అయి ఉంటాయి. ఇందులో సిగ్గుపడేదేముంది? రోజూ గుడిలో నువ్వు చెప్పే సంకల్పమే గుర్తు చేసుకో. సకుటుంబానాం క్షేమ స్థైర్య ధైర్య విజయ అంటూ మొదలుపెట్టి, ఆయురారోగ్యాలు, ఐశ్వర్యం అన్నీ అడుగుతాం. అదే నోటితో లోకక్షేమమూ అడుగుతాం. నా స్వార్థం పూర్తిగా కడుక్కున్నాకే పూజ మొదలుపెడతానని ఏ అర్చకుడూ కూర్చోడు. అలా కూర్చుంటే స్వామికి ఆ రోజు నైవేద్యం ఉండదు. ఇంకో సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. ఇంట్లో చేసుకునేది ఆత్మార్థ పూజ, గుడిలో చేసేది పరార్థ పూజ. అంటే ఊరందరి తరఫున చేసే పనిలోనే నువ్వు పుట్టి పెరిగావు. సింగ్‌నగర్‌లో నీకు కలిగింది కొత్త బుద్ధేమీ కాదు.

అయితే సంకల్పానికీ నువ్వు చెయ్యబోయే పనికీ ఒక తేడా ఉంది. సంకల్పంలో గోత్రం చెబుతాం. గ్రామసభలో ఎవరి గోత్రమూ అడగకూడదు. ఇది విన్నంత తేలిక కాదు.

కంచర్ల గోపన్న, అదే మన భక్త రామదాసు, కథ నీకు నేను చెప్పక్కర్లేదు. 17వ శతాబ్దం, గోల్కొండలో తానీషా పాలన. గోపన్న పాల్వంచకు తాసీల్దారు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టాడు. చందాలు చాలక శిస్తు సొమ్ము కూడా ఖర్చుపెట్టాడని, అందుకు గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని, చివరికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి ఆరు లక్షలు తానీషాకు కట్టి రసీదు తీసుకెళ్లారని చెప్పుకుంటాం. భద్రాచలం వెళ్లిన ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తాయి. పంచాయతీ లెక్కలు తనిఖీ చేసిన మనిషిగా మాత్రం, తానీషా అడిగిందాంట్లో తప్పు కనపడదు. అది పాల్వంచ రైతులు కట్టిన శిస్తు. వాళ్లలో రాముణ్ణి కొలవనివాళ్లు కూడా ఉండే ఉంటారు. గోపన్న లెక్క రాసుకోలేదని కాదు, కీర్తనల్లో ఏ నగకి ఎంతైందో స్వామికే ఏకరువు పెట్టాడు. లెక్క చెప్పిన చోటు వేరు, అంతే. ఈ కథ అల్లిన మన పెద్దలకి కూడా ఆ సంగతి తెలుసని నా అనుమానం. అందుకే వాళ్ల కథలో రాముడు వచ్చి తానీషాను శపించలేదు. బాకీ తీర్చి రసీదు తీసుకున్నాడు.

ఇదేదో పాతకాలపు ముచ్చట అనుకోకు. నా సర్వీసులో ఒక సర్పంచ్ ఉండేవాడు, మహా భక్తుడు. చేతివాటం లేనివాడు, ఒక్క రూపాయి ఇంటికి పట్టుకెళ్లలేదు. కానీ పంచాయతీ సాధారణ నిధిలోంచి గుడికి ముఖద్వారం కట్టించాడు. అదే ఏడు ఎగువ పేటలో మంచినీళ్ల పైపు పగిలి, ఆడవాళ్లు రెండు ఫర్లాంగులు నడిచి బిందెలు మోశారు. అడిగితే ‘దేవుడికే కదమ్మా పెట్టింది’ అన్నాడు. ఆ ముఖద్వారం కింద నేనూ ప్రసాదం తిన్నాను. అభ్యంతరం రాయడానికి వెంటనే చెయ్యి రాలేదు. రెండు రోజులు ఆగి రాశాను. దొంగ సర్పంచ్‌ల మీద రాసినప్పుడు ఎప్పుడూ అలా ఆగలేదు. మంచివాడనే పేరు, భక్తుడనే పేరు అడిగేవాళ్ల నోరు కట్టేస్తాయి. నీ విషయంలో నా భయం ఇదే. నువ్వు చెడిపోతావని కాదు. నిన్ను ఎవరూ అడగరేమోనని.

కాబట్టి ‘దేవుడే చూపించాడు’ అన్న మాట నీ మనసులో ఉంచుకో. వేదిక మీద మాత్రం అనకు. దేవుడు పంపిన మనిషిని లెక్క అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికి ఉంటుంది?

మతం చదువుకున్నవాళ్లు రాజకీయాల్లోకి రాకూడదా అంటే, మన చరిత్రే వేరేలా చెబుతోంది. రాజ్యాంగం రాసిన సభలో జెరోమ్ డిసౌజా అనే కాథలిక్ ఫాదర్, జెసూట్ సంఘం ఆయన, మద్రాసు నుంచి కూర్చున్నారు. మౌలానా హస్రత్ మొహానీ కూర్చున్నారు. అయితే నిన్ను తెలుసుకోమనేది స్వామి రామానంద తీర్థ గురించి. 1932లో సన్యాసం పుచ్చుకున్న మనిషి, నిజాం రాజ్యంలో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను నడిపారు, జైళ్లకు వెళ్లారు, 1952లో గుల్బర్గా నుంచీ 1957లో ఔరంగాబాద్ నుంచీ లోక్‌సభకు గెలిచారు. పి.వి. నరసింహారావు ఆయన శిష్యుడే. ఇందులో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది 1938 నాటి సంగతి. ప్రజలకు జవాబు చెప్పే బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలుపెట్టింది. అదే సమయంలో ఆర్యసమాజం, హిందూ మహాసభ వేరే సత్యాగ్రహం చేస్తున్నాయి. రెండూ ఒకటేనని జనం పొరపడుతున్నారని, గాంధీ సలహా మీద ఆ డిసెంబరులో స్టేట్ కాంగ్రెస్ తన ఉద్యమాన్నే ఆపేసింది. కాషాయం కట్టిన మనిషి ముందు నిలిచిన ఉద్యమం, అది మతం గొడవ అనిపించుకోకూడదని వెనక్కి తగ్గింది. అది సరైన నిర్ణయమా కాదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. ఆ కాషాయాన్ని మాత్రం ఆయన జెండా చేసుకోలేదు.

కాథలిక్ ఫాదర్లకి ఇప్పుడు ఈ తర్జనభర్జన లేదు. 1983 నాటి వాళ్ల చర్చి చట్టం అధికార పదవులు చేపట్టొద్దని తేల్చి చెప్పేసింది. మనకి అలా చెప్పే పీఠం ఒక్కటంటూ లేదు. అందుకే నీ గురువుగారు ఒకటంటారు, ఇంకొకరు ఇంకొకటంటారు. చివరికి తేల్చుకోవాల్సింది నువ్వే.

గ్రూప్సా, రాజకీయమా? దీనికి జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు గమనించలేదు. ఆ వరదలో ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ప్రకటించింది. నీకు కడుపు మండింది ఎక్కడ? తలుపు తాళం చూసి పేరు వదిలేసి వెళ్లిపోయినందుకా? అయితే నువ్వు చెయ్యాల్సింది ఉద్యోగం. రెండోసారి వెళ్లి తలుపు కొట్టే డిప్యూటీ తహసీల్దార్ ఈ రాష్ట్రానికి చాలా అవసరం. గ్రూప్-2లో ఆ పోస్టు ఉంది, నీ శాస్త్రి బి.ఏ.తో సమానమే కాబట్టి చదువు అడ్డం కాదు. అలా కాక, ఇంటివాడికా అద్దెవాడికా, కింద ఎంత పైన ఎంత అనే గీత అసలు ఎవరు గీశారు, ఎందుకలా గీశారు అని మండిందా? ఆ గీత గీసేది రాజకీయం. మొదటిది చేసే మనిషి రెండోది చెయ్యలేడు. సర్కారు ఉద్యోగిగా పార్టీ సభ్యత్వం కూడా ఉండకూడదు, పోటీ చెయ్యాలంటే రాజీనామా చెయ్యాలి. ‘ముందు ఉద్యోగం, తర్వాత పాలిటిక్స్’ అని కోచింగ్ సెంటర్ల దగ్గర టీ కొట్టుల్లో చెప్పుకునే ప్లాన్ నాకు నచ్చదు. మొదటి రోజు నుంచే కుర్చీని మెట్టులా చూసేవాడు ఆ కుర్చీ పని చెయ్యడు.

నువ్వు రాసిన తీరు చూస్తే నీది రెండో రకమే అనిపిస్తోంది. వయసు సంగతి తెలుసు కదా, అసెంబ్లీకి 25 నిండాలి, పంచాయతీకి 21 చాలు. ఊరితోనే మొదలుపెట్టు. అయితే గుడిలో దేవాదాయ శాఖ జీతమో, మరే సర్కారు భృతో నీ పేరున వస్తుంటే, నామినేషన్‌కు ముందే ఎన్నికల అధికారిని కలిసి కాగితం మీద స్పష్టత తీసుకో. తర్వాత అనర్హత కేసులు పడితే నీకూ నష్టం, ఓటేసినవాళ్లకీ నష్టం.

నామం తీసెయ్యనక్కర్లేదు. నామం పెట్టుకోవడం తప్పు కాదు, నామం చూపించి ఓటు అడగడం అక్రమం. చట్టసభల ఎన్నికలకు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ అదే చెబుతుంది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తీర్పుతో దాన్ని ఇంకా బిగించింది. అభ్యర్థి మతం పేరుతోనే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా అక్రమమే. అదే సెక్షన్‌లో అర్చకులు తప్పక చదవాల్సిన ముక్క ఒకటుంది. ఫలానా వాడికి ఓటెయ్యకపోతే దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఓటరుని నమ్మించడం కూడా అక్రమ ప్రభావం కిందే వస్తుంది.

ఇదెందుకు చెబుతున్నానంటే, నువ్వు పార్టీలో చేరీ చేరగానే మొదట వచ్చే అడుగుడు ఇదే. పోలింగ్‌కు రెండు రాత్రుల ముందు ఎవరో వచ్చి ‘అయ్యవారూ, గుడి తలుపు ఒక గంట తీసిపెట్టండి’ అంటారు. లోపల పసుపు నీళ్లు, స్వామి పటం, పక్కన డబ్బు కవర్లు. ఒక్కొక్కరి చేత ప్రమాణం చేయిస్తారు. మన పల్లెల్లో ఇది కొత్తేం కాదు. ఆ రాత్రి తాళంచెవి నీ దగ్గరుంటుంది. పార్టీ నీది, గుడి నీది. ఆ తలుపు తియ్యనని అనగలవా? దీనికి ఇప్పుడే జవాబు చెప్పుకుని ఉంచుకో, ఆ రాత్రి ఆలోచించుకునే టైము ఇవ్వరు.

ఇంకోటి, స్వామి మాన్యం. ఎకరాలెన్నో, కౌలు వేలం ఎలా జరుగుతుందో, ఎవరి అనుభవంలో ఉందో నీకు తెలియంది కాదు. ఆక్రమించినవాడు నీ పార్టీ మనిషే అయితే ఏం చేస్తావు? పోనీ ఎదురు ప్రశ్న వేస్తాను. ఎగువ పేటకి శ్మశానం దారి వెడల్పు చెయ్యాలంటే గుడి ప్రహరీ ఆరడుగులు వెనక్కి జరపాలి. ఫైలు నీ ముందుంది. సంతకం పెడతావా? ఎవరికైనా మొదటి ప్రశ్నే కష్టం. నీకు మాత్రం రెండోదే కష్టమని నేననుకుంటున్నాను.

ఇక ఎవరూ నీకు చెప్పని చిక్కు, మడి. రాజకీయమంటే సగం పెళ్లిళ్లకీ చావులకీ వెళ్లడమే. చావు ఇంటికి రాని, అక్కడ కాసేపు కూర్చోని నాయకుణ్ణి ఊరు గుర్తుపెట్టుకుంటుంది, క్షమించదు. పేటలో శవం లేచే ముందు నువ్వు ఆ అరుగు మీద ఉండాలి. వాళ్లింట్లో ఇచ్చిన మంచినీళ్లు తాగాలి. అక్కణ్ణుంచి వచ్చి గర్భగుడిలోకి వెళ్లాలంటే నీ ఆచారం నీకుంది. దాన్ని నేను వెక్కిరించను. కానీ రెండు పడవల మీదా కాళ్లు పెట్టకు. నీ వంతు పూజ పినతండ్రి కొడుకులెవరికైనా అప్పజెప్పి, నువ్వు భక్తుడిగా గుడికి వెళ్లు. మంటపంలో నిలబడి తీర్థం పుచ్చుకో. నాన్నగారి కోపం కూడా రాజకీయం మీద కాదేమో, వంతు ఏమైపోతుందోనని బెంగేమో. తరాలుగా వచ్చిన పని తన చేతుల్లో ఆగిపోతుందంటే ఏ తండ్రికి మాట పెగులుతుంది? ఆయన్ని ఒప్పించడానికి ప్రయత్నించకు. ముందు వంతుకి ఏర్పాటు చేసి, అప్పుడు వెళ్లి ఎదురుగా కూర్చో.

సీటు రిజర్వేషన్ సంగతి కూడా ఉంది. సర్పంచ్ పదవులు రిజర్వేషన్లలో మారుతుంటాయి. మన రాష్ట్రంలో సగం స్థానాలు ఆడవాళ్లవి. రేపు మీ ఊరు ఎస్సీ మహిళకు వచ్చిందనుకో. అప్పుడు నీ ప్రజాసేవ ఏమవుతుంది? ఆవిడ పక్కన కూర్చుని నిధుల ఉత్తర్వులు చదివి వినిపించి, నిర్ణయం ఆవిడకే వదిలి, ఫొటోలో వెనక వరసలో నిలబడగలిగితే రాత్రిళ్లు నువ్వు అడుగుతున్న ప్రశ్నకి అక్కడే జవాబు దొరుకుతుంది. వెనక నుంచి తానే సర్పంచ్‌గిరీ చేసే పెద్దమనుషులని నేను కుప్పలుగా చూశాను. వాళ్లలో ఒకడివి కాకు.

ఎన్నికలు వచ్చేదాకా ఖాళీగా ఉండకు. మీ పంచాయతీ గత మూడేళ్ల జమాఖర్చులు సమాచార హక్కు కింద అడుగు. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకి రుసుము కూడా లేదు. క్యాష్‌బుక్ చదవడం నేర్చుకో. ఆగమంలో అంత చిక్కు సంస్కృతం చదివినవాడివి, ఇదెంత. వీలైతే రికార్డులు ఊరి ముందు చదివి వినిపించే సోషల్ ఆడిట్ సభ ఎక్కడైనా జరిగితే వెళ్లి వెనక బెంచీలో కూర్చో. ముసలమ్మ లేచి ‘నా పేరున పడ్డ కూలి నాకు ముట్టలేదు’ అన్నప్పుడు అధికారి మొహం ఎలా ఉంటుందో, నాయకుడి మొహం ఎలా ఉంటుందో చూడు. రేపు నీ మొహం ఎలా ఉండాలో తెలుస్తుంది.

చివరగా ఒక మాట, ఇది కొంచెం గుచ్చుకుంటుంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నలభై అర్జీలు రాశానన్నావు. వాటిలో ఎన్నింటికి డబ్బు పడిందో ఎక్కడా రాయలేదు. నీ మనసు గుడిలో నిలవడం లేదని రాశావు, గురువుగారి మాట రాశావు, నాన్నగారి మౌనం రాశావు. ఆ నలభై మంది ఏమయ్యారో రాయలేదు. మర్చిపోయావో, నీకూ తెలియదో.

ఆదివారం బస్సెక్కి సింగ్‌నగర్ వెళ్లు. అర్జీలిచ్చినప్పటి రసీదులున్నాయా? లేకపోతే పేర్లు గుర్తున్నంతవరకు రాసుకుని వెళ్లు. ఇళ్లు మారిపోయి ఉంటారు, అడుగుతూ పో. డబ్బు రానివాళ్లు నీ మీద కేకలేస్తే నిలబడి విను. తిరిగొచ్చాక నాకు ఇంకో ఉత్తరం రాయి, అందులో నీ గురించి ఒక్క ముక్క కూడా వద్దు. నలభైలో ఎన్నో, అది రాయి చాలు.